వివక్ష కూడా ప్రజారోగ్య సమస్యే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. హైదరాబాదు, బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళున్నారు. సర్పంచులు, వార్డు సభ్యులు, మునిసిపాలిటీల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. మనకు పాఠాలు చెప్పిన మాస్టార్లు కొందరు ఈ వయసులో కూడా శ్రమపడి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ ముందు మైకు పట్టుకోవాలంటే నాకు ఇప్పటికీ అప్పజెప్పిన పద్యం మరిచిపోతానేమో అన్నంత భయం. కార్యదర్శిగారు ఫోను చేసి, "అమ్మా, నీ ఉద్యోగంలో చూసినదాంట్లో మన ఊళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. ఆ మాట ప్రకారమే మాట్లాడతాను.

నేను ఆరోగ్యశాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మొదట ఏఎన్ఎంగా, తర్వాత హెల్త్ సూపర్‌వైజరుగా. ఎక్కువ కాలం గురజాల, మాచర్ల వైపు, చివరి కొన్నేళ్ళు నరసరావుపేట చుట్టుపక్కల. మన బడిలో పదో తరగతి పాసై ప్రభుత్వ ఉద్యోగంలోకి వెళ్ళిన పల్లె ఆడపిల్లల్లో మొదటి వరసలో ఉన్నదాన్ని. మన ప్రాంతంలో "పల్లె" అంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

వివక్ష అనగానే కొందరు పోలీసు కేసు అంటారు. కొందరు రాజకీయం అంటారు. ఇంకొందరు "ఆ రోజులు పోయాయమ్మా" అంటారు. ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగిన మనిషిగా నాకు అది విరేచనాలుగా, రక్తహీనతగా, బరువు తక్కువ బిడ్డగా, ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చిన కాన్పుగా కనపడింది. కాబట్టి జ్వరాలకూ దోమలకూ ఏం చేస్తామో దీనికీ అదే చెయ్యాలని నా అభిప్రాయం. ఎక్కడుందో వెతకాలి, లెక్క రాయాలి, కారణం తీసెయ్యాలి, మళ్ళీ వెళ్ళి చూడాలి. ఆ పని మొదలుపెట్టవలసింది ఢిల్లీ కాదు, అమరావతి కాదు. మన పంచాయతీ, మన మునిసిపాలిటీ.

ముందు లెక్కలు చెబుతాను. 2022లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2010-11లో మన దేశంలో తొమ్మిది రాష్ట్రాల్లో జరిగిన పెద్ద ఆరోగ్య సర్వే ఆధారంగా లెక్క కట్టారు. అగ్రకులాల వారితో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్ళకు పైగా తక్కువ, ఆదివాసీలది నాలుగేళ్ళకు పైగా తక్కువ అని తేలింది. ఆ తొమ్మిదింటిలో మన రాష్ట్రం లేదు. అయినా అందులో ఒక సంగతి మనం పట్టించుకోవాలి. పేదరికం వల్లే ఈ తేడా అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆస్తిపాస్తుల తేడాను లెక్కలోకి తీసుకున్నా ఆ ఎడంలో సగం కూడా తీరలేదు. అంటే ఒకే స్థితిలో ఉన్న రెండు ఇళ్ళలో, కులాన్ని బట్టి ఒక ఇంటి మనిషి ముందు పోతున్నాడు.

అంతకు ముందు, 2006లో, గ్రామీణ భారతంలో అంటరానితనం మీద ఒక పుస్తకం వచ్చింది. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి రాశారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. సగానికి దగ్గరగా గ్రామాల్లో దళితులను ఊరి నీళ్ళ దగ్గరకు రానివ్వడం లేదు. మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళకు వెళ్ళడం లేదు. ఆ కార్యకర్తలు నా శాఖవాళ్ళే. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

వివక్ష జబ్బుగా ఎలా మారుతుంది? నేను చూసిన మూడు దారులు చెబుతాను.

మొదటిది నీళ్ళు. మన ఊళ్ళలో ట్యాంకు ఎక్కడుంటుంది? ఊరి నడిమధ్యనో, మెరక మీదనో. పల్లె ఎక్కడుంటుంది? చాలా ఊళ్ళలో చివరన, పల్లంలో. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊరంతా తిరిగి చివరికి పల్లెకు చేరుతుంది. ఊరి మురుగు కూడా పల్లానికే, అంటే అక్కడికే వస్తుంది. మన దగ్గర నీళ్ళు రోజంతా రావు, గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తారు. ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు చుట్టూ ఉన్న తడిని లోపలికి లాక్కుంటుంది. జాయింటు పగిలి, ఆ జాయింటు మురుగుకాలవలో మునిగి ఉంటే లోపలికి వెళ్ళేది మురుగు. మర్నాడు పొద్దున కుళాయి తిప్పగానే మొదటి బిందెలో వచ్చేది అదే.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో తొలకరి వానలకు విరేచనాలు మొదలయ్యాయి. కేసులన్నీ పల్లెలోనే, అందులోనూ చివరి రెండు వీధుల్లోనే. ట్యాంకు దగ్గర నీళ్ళు పరీక్ష చేస్తే బాగానే ఉన్నాయి. "శుభ్రత లేదు, చేతులు కడుక్కోరు" అని ఊళ్ళో మాట పుట్టింది. మేము పల్లె చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోపుతో చూశాం. నీళ్ళకు రంగు రాలేదు, అంటే క్లోరిన్ లేదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. వెనక్కి నడుచుకుంటూ వచ్చాం. పైపు మురుగుకాలవలోంచి వెళ్ళేచోట జాయింటు కారుతోంది. అది కారుతోందని పల్లె ఆడవాళ్ళు అంతకు ముందే ఎన్నోసార్లు చెప్పారట. వార్డు సభ్యురాలు ఒకావిడ పట్టుబట్టి పంచాయతీ చేత కొద్ది మీటర్ల కొత్త పైపు కాలవ పైనుంచి వేయించింది. విరేచనాలు ఆగిపోయాయి. సెలైన్ సీసాలకూ ఆటో కిరాయిలకూ అప్పటికే అయిన ఖర్చుతో పోలిస్తే ఆ పైపు ఖరీదు ఎంత? ఆ జాయింటు ఊరి నడివీధిలో కారితే అన్ని నెలలు ఆగేవాళ్ళమా? ఈ రెండో ప్రశ్నకు జవాబు రిజిస్టరులో రాసే గడి లేదు. అందుకే దాని పేరు రికార్డుల్లోకి రాదు.

నీళ్ళ దగ్గర మొదలైన మాట ఎక్కడిదాకా పోతుందో మన పక్కనే చూశాం. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర పశువులకు వాడిన కుడితి నీళ్ళ విషయంలో మాటామాటా వచ్చింది. వద్దని అడ్డు చెప్పింది బిందెతో వచ్చిన ఒక దళిత మహిళ. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దాన్ని మనం దాడిగా, కేసుగా, ఉద్యమంగా గుర్తుపెట్టుకున్నాం. అలాగే గుర్తుపెట్టుకోవాలి. కానీ ఆ తల్లి మొదట అన్నమాట ఏమిటి? మేము తాగే నీళ్ళు మురికి చెయ్యొద్దని. ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరు చెప్పవలసిన మాట ఆమె చెప్పింది.

రెండో దారి వైద్యం. టీకాలు ఎక్కడ వేస్తామన్నది చిన్న విషయంలా కనపడుతుంది. ఒక ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా గుడి అరుగు మీద వేసేవాళ్ళు. నీడ ఉంటుంది, అందరికీ తెలిసిన చోటు. పల్లె తల్లులు మాత్రం రారు. రిజిస్టరులో వాళ్ళ పేర్ల ఎదురుగా "నిరాకరించారు" అని రాసి ఉండేది. వాళ్ళు టీకాను నిరాకరించలేదు. అరుగు ఎక్కితే ఎవరేమంటారోనని దూరంగా నిలబడి వెళ్ళిపోయేవాళ్ళు. టీకాల రోజును ప్రాథమిక పాఠశాలకు మార్చాం. ఉపన్యాసాలు ఏమీ ఇవ్వలేదు, చోటు మార్చామంతే. పిల్లలందరూ వచ్చారు.

అలాగే గర్భిణీ స్త్రీ. ఒకామెకు బల్ల మీద పడుకోబెట్టి పొట్ట చూస్తారు. ఇంకొకామెను వరండాలో నిలబెట్టి "ఎన్నో నెల?" అని అడిగి మాత్రలు చేతిలో వేసి పంపిస్తారు. కార్డు మీద ఇద్దరికీ పరీక్ష జరిగినట్టే ఉంటుంది. రెండో ఆమెకు బీపీ పెరిగిన సంగతి ఎవరికి తెలుస్తుంది? ఒకసారి అలా నిలబెట్టినచోటికి మనిషి మళ్ళీ రాదు. నొప్పులు వచ్చినా చివరి నిమిషం దాకా ఆగుతుంది. ఆలస్యంగా వచ్చిందని మళ్ళీ ఆమెనే తిడతాం.

మూడో దారి పని. మన పల్నాడు ఎండలు మీకు తెలుసు. రాష్ట్రంలో ఎక్కువ ఎండ అనగానే రెంటచింతల పేరే వినపడుతుంది. ఆ ఎండల్లో మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళను నేను అడిగేదాన్ని, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారని. కొన్నిచోట్ల గ్లాసు చేతికివ్వరు, పైనుంచి దోసిట్లో పోస్తారు. అలా తాగడం ఇష్టం లేక ఒకామె పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు కట్టుకుని ఉంటుంది. మూత్రంలో మంట, నడుంనొప్పి, రాళ్ళు అని ఆసుపత్రికి వస్తుంది. డాక్టరుగారు "నీళ్ళు బాగా తాగమ్మా" అని చీటీ రాస్తారు. ఆ చీటీలో తప్పేమీ లేదు. ఆమె నీళ్ళు ఎందుకు తాగడం లేదన్నది ఆ చీటీలో పట్టదు.

పట్టణాల్లో చూస్తే మురుగుకాలవలు తీసేవాళ్ళలో, చెత్త ఎత్తేవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. రక్షణ లేకుండా మనిషిని మురుగుగుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ప్రాణం పోయాక ఇచ్చే సొమ్ము అది. చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష ఇవ్వడానికి అందులో ఎన్నో వంతు అవుతుంది?

ఇవి మూడూ కంటికి కనపడేవి. కనపడనిది ఇంకొకటుంది. అమెరికాలో ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ఒక మాట చెప్పారు. నల్లజాతి స్త్రీల ఒంటికి వయసు తొందరగా మీద పడుతోంది, రోజూ పడే అవమానం, ఆందోళన శరీరాన్ని అరగదీస్తున్నాయి అని. ఎండకీ వానకీ వాకిట్లో చెక్క అరిగిపోయినట్టు. ఆ దేశంలో కాన్పు సంబంధ కారణాలతో చనిపోయే నల్లజాతి తల్లుల రేటు తెల్లజాతి తల్లులతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. అంత డబ్బు, అన్ని ఆసుపత్రులు ఉన్న దేశంలో.

అమెరికా నుంచి వచ్చిన మన పిల్లలకు తెలిసే ఉంటుంది. 2014లో మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరికి, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు ఉండే ఊరికి, ఖర్చు తగ్గుతుందని నీళ్ళు మార్చారు. పైపుల్లోని సీసం కరిగి పిల్లల రక్తంలోకి చేరింది. జనం సీసాల్లో రంగునీళ్ళు తెచ్చి చూపించినా చాలాకాలం ఎవరూ వినలేదు. దీని వెనక వ్యవస్థలో పాతుకుపోయిన జాతివివక్ష ఉందని 2017లో ఆ రాష్ట్ర పౌరహక్కుల కమిషనే రాసింది. 2019లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మిల్వాకీ కౌంటీ, అంటే మన జిల్లా పరిషత్తు లాంటిది అనుకోండి, "జాతివివక్ష ప్రజారోగ్య సంక్షోభం" అని ప్రకటించింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఎన్నో నగరాలు, కౌంటీలు అదే తీర్మానం చేశాయి. 2021 ఏప్రిల్‌లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ అధిపతి కూడా అదే మాట అన్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. మనవాళ్ళు పెట్టెల్లో ఆవకాయతోపాటు ఇంకేం తీసుకెళ్ళారో దాన్నిబట్టి తెలుస్తుంది.

వాళ్ళు చేశారు కదా, మనమూ ఒక తీర్మానం చేసేస్తే సరిపోతుందా? తీర్మానం ఒక్కటే చాలదని చెప్పడానికి మన దేశంలోనే పాత కథ ఒకటుంది. చవదార్ చెరువు పేరు వినే ఉంటారు. మహారాష్ట్రలో మహద్ పట్టణం. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు, వైద్యశాలలు అంటరానివారికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. దేశంలో స్థానిక ప్రభుత్వం చేసిన గొప్ప తీర్మానాల్లో అదొకటి. కానీ మూడేళ్ళు గడిచినా ఒక్క దళితుడు కూడా ఆ చెరువులో దిగి నీళ్ళు తాగలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్ళి దోసిలితో ఆ నీళ్ళు తాగారు. తర్వాత దాడి జరిగింది. చెరువును "శుద్ధి" చేశారు. ఆ ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. హైకోర్టు తీర్పు దళితుల పక్షాన వచ్చేసరికి 1937 అయింది.

ఆ మునిసిపాలిటీ పుస్తకంలో తీర్మానం రాసుకుంది కానీ, చెరువు గట్టున ఒక మనిషిని నిలబెట్టలేదు. ఎవరెవరు నీళ్ళు తీసుకుంటున్నారో లెక్క రాయలేదు. అడ్డుపడినవాళ్ళను అడగలేదు. మన ఆరోగ్యశాఖ భాషలో చెప్పాలంటే మందు రాసింది, రోగి మింగాడో లేదో చూడలేదు.

మన పల్నాడుకు ఈ సంగతి కొత్తగా చెప్పాలా? పన్నెండో శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని చెప్పుకుంటాం. మాల కన్నమదాసును సేనాపతిని చేశాడని చెప్పుకుంటాం. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఏటా చాపకూడు జరుగుతుంది. నేనూ ఆ చాప మీద తిన్నాను. మరి అదే పల్నాడులో, వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, 1941లో "గబ్బిలం" ఎందుకు రాయవలసి వచ్చింది? గుడిలోకి వెళ్ళలేని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపవలసిన గతి ఎందుకు పట్టింది? చాపకూడు ఏడాదికి ఒక్కరోజు. మంచినీళ్ళు రోజూ కావాలి.

ఇక చెయ్యవలసిన పని. మన పంచాయతీలకు అధికారం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు ఉన్నాయి. మంచినీళ్ళు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, బలహీనవర్గాల సంక్షేమం, ముఖ్యంగా ఎస్సీ ఎస్టీల సంక్షేమం అందులో ఉన్నాయి. 74వ సవరణ పట్టణాలకు ప్రజారోగ్యాన్ని ఇచ్చింది. ఇవన్నీ ఒకే బల్ల మీదకు వచ్చే చోటు స్థానిక ప్రభుత్వం ఒక్కటే. డబ్బు సంగతి చూస్తే, 15వ ఆర్థిక సంఘం గ్రామ పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. చట్టం సంగతి చూస్తే, నీళ్ళ దగ్గర, ఆసుపత్రి దగ్గర అంటరానితనం పాటించడం 1955 నుంచే నేరం.

అందుకని సర్పంచులకు, కౌన్సిలర్లకు, సచివాలయ ఉద్యోగులకు నా విన్నపాలు నాలుగు.

ఒకటి, నీళ్ళ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి ఊరుకోవద్దు. పల్లెలో చివరి ఇంటి కుళాయి దగ్గర చెయ్యండి. క్లోరిన్ ఎంతుందో ఆ ఇంటి ఆడవాళ్ళ ముందే చూసి, తేదీ వేసి పంచాయతీ గోడ మీద రాయండి. బోరునీళ్ళు తాగేచోట ఫ్లోరైడ్ కూడా చూడండి. మన జిల్లాలో వినుకొండ, బొల్లాపల్లి వైపు ఆ బాధ ఉంది. చివరి కుళాయిలో నీళ్ళు బాగుంటే ఊరంతా బాగున్నట్టే.

రెండు, జబ్బుల లెక్క వాడల వారీగా తియ్యండి. విరేచనాలు, క్షయ, రక్తహీనత, బరువు తక్కువ పుట్టిన పిల్లలు, టీకా అందనివాళ్ళు. ఊరు మొత్తానికి ఒకే అంకె వేస్తే పల్లె అందులో కలిసిపోతుంది. వాడల వారీగా వేస్తే పైపు ఎక్కడ పగిలిందో అంకే చూపిస్తుంది. మనుషుల పేర్లు అక్కర్లేదు, వీధి పేరు చాలు. ఆ లెక్క గ్రామసభలో చదవండి.

మూడు, సేవ ఏ చోట అందుతోందో చూడండి. టీకాలు, అంగన్‌వాడీ, వైద్య శిబిరం, రేషను. అక్కడికి పల్లె మనిషి తల ఎత్తుకుని రాగలదా లేదా అని అడగండి. కొత్త అంగన్‌వాడీలు పెట్టేటప్పుడు ఎస్సీ ఎస్టీ వాడలను ముందు చూడాలని, బడి భోజనం వండేవాళ్ళ నియామకాల్లో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన బడి పిల్లలు మధ్యాహ్నం ఒకే వరసలో కూర్చుని ఎవరి చేతి వంటైనా తింటే, అదే రోజూ జరిగే చాపకూడు. మాస్టార్లు వారానికి ఒక్కరోజైనా ఆ వరసలో కూర్చోవాలని నా కోరిక.

నాలుగు, పారిశుద్ధ్య కార్మికుల ఆరోగ్యం. వాళ్ళు ఊరికి ఆరోగ్యం ఇస్తున్నారు. వాళ్ళకు తొడుగులు, బూట్లు, సబ్బు, బట్టలు మార్చుకునే గది, ఏడాదికోసారి పూర్తి పరీక్ష. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించకూడదని మీ ఇంటి పని చేయించేటప్పుడు కూడా గుర్తుంచుకోండి. నేరం మునిసిపాలిటీకి ఒక్కదానికే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది.

ఇవి చేస్తే కులం పోతుందా అని నన్ను ఒకాయన అడిగారు. మలేరియాకు మందు చల్లిన ఏడాదే దోమ జాతి అంతరించిపోతుందని ఎవరైనా చల్లుతామా? ఈ ఏడాది ఈ వీధిలో ఒక బిడ్డకు జ్వరం రాకూడదని చల్లుతాం. మనసులు మారేదాకా మంచినీళ్ళు ఆగనక్కర్లేదు. నీళ్ళు ముందు అందితే, ఒకే వరసలో నిలబడి బిందెలు నింపుకుంటే, మనసులకు కూడా కాస్త అలవాటు పడే అవకాశం ఉంటుంది. నా ఉద్యోగంలో నేను చూసింది అది. టీకాల చోటు మార్చిన ఊళ్ళో మొదటి రెండు నెలలు తల్లులు విడివిడిగా కూర్చున్నారు. పిల్లలు ఏడుస్తుంటే ఎవరి బిడ్డను ఎవరు ఎత్తుకున్నారో చూసుకునే తీరిక తర్వాత ఎవరికీ లేకపోయింది.

చివరగా మన సంఘం గురించి ఒక మాట. స్వర్ణోత్సవ నిధితో ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టాలని కార్యవర్గం అనుకుంటోందని విన్నాను. చాలా సంతోషం. చోటు ఇంకా ఖాయం కాలేదు. బొడ్రాయి దగ్గర అని కొందరు, బస్టాండు దగ్గర అని కొందరు అంటున్నారు. దాతల పేర్లు నలుగురికీ కనపడే చోటు కావాలనుకోవడం తప్పు కాదు. కానీ శంకుస్థాపన రాయి చెక్కించే ముందు ఒక నెల ఆగమని చేతులు జోడించి అడుగుతున్నాను. మనలో ఇంజినీర్లున్నారు, డాక్టర్లున్నారు, సర్పంచులున్నారు. పదిమంది కలిసి ఒక పొద్దున ట్యాంకు దగ్గర బయల్దేరి పైపు వెంట పల్లె చివరి ఇంటిదాకా నడుద్దాం. ప్రతి మలుపులో నీళ్ళు పట్టి పరీక్ష చేద్దాం. ఆ చివరి ఇంట్లో ఆవిడను అడుగుదాం, అమ్మా, మీకు ముందు ఏది కావాలని. పైపు మార్చాలంటే దానికే ఆ సొమ్ము పెడదాం. ప్లాంటే కావాలంటే ఊరికీ పల్లెకూ మధ్య, రెండువైపుల వాళ్ళూ మొహమాటం లేకుండా వచ్చే చోట పెడదాం. క్యాను నింపుకునే కుళాయి ఒకటే ఉండాలి, వరస ఒకటే ఉండాలి. ఆ నియమం దాతల పేర్ల కింద అదే సైజు అక్షరాలతో రాయిద్దాం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు, అక్కడ తమ ఒంటి రంగు చూసి ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఎంత నొప్పి కలుగుతుందో వాళ్ళకు తెలుసు. ఆ నొప్పి గుర్తున్నవాళ్ళు ఈ నడకకు ముందుంటారని నా నమ్మకం. వచ్చే ఆదివారం దాకా ఉండేవాళ్ళు సభ అయ్యాక నాకు పేర్లివ్వండి. ఎండ ముదరకముందే, పొద్దున ఆరింటికే బయల్దేరాలి. క్లోరోస్కోపు నేను తెస్తాను. నోటుపుస్తకం, పెన్ను మీరు తెచ్చుకోండి. అక్షరాలు దిద్దించిన మాస్టార్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి రాసేటప్పుడు తప్పుల్లేకుండా రాయండి.